ఒట్టు నోటికే

“ఆ ఒక్కటీ తీయొద్దమ్మా,” అన్నాడు చలమయ్య.

అతని ఇంట్లో కంప్యూటరు ముందున్న అనీసా మౌస్ వదిలేసి వెనక్కి తిరిగింది. పర్చూరు సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఆమెది.

“సిస్టం ఊరికే ఆగిపోతోందని పిలిచింది మీరే కదా బాబాయ్ గారూ. ఆపుతోంది ఈ పాత మెసెంజరే. దీన్ని చేసిన కంపెనీయే మూతపడి ఏళ్లయింది. ఇలాగే ఉంచితే మొత్తం సిస్టమే పోతుంది.”

“ఇంట్లోనే విత్తనాల కొట్టు నడిపే రోజుల్లో పెట్టించాం. కొట్టులో తమ్ముడు, గోడౌన్లో నేను. ఏ రకం బస్తా కావాలో వాడు రాసేవాడు, నేను పంపేవాణ్ణి.”

“కొట్టు లేదుగా ఇప్పుడు?”

“కొట్టు పోయింది. ఇది మిగిలింది.”

ఆమె పాత మెసేజ్‌లు పైకి జరిపి చూసింది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ‘తిన్నావా?’ అని చలమయ్య. ‘తిన్నా. నువ్వు?’ అని తమ్ముడు శివనాగరాజు. ‘తిన్నా.’ ఏడాది వెనక్కి పోయినా అదే, మూడేళ్లు వెనక్కి పోయినా అదే. భార్య సుబ్బరావమ్మ పోయిన రోజున కూడా చలమయ్య ‘తిన్నా’ అనే రాశాడు. ఆ రోజు తినలేదు.

“ఇంతోటి దానికి ఫోన్ చేసుకోవచ్చుగా?”

“మాకు మాటల్లేవమ్మా. ఓ ఏడు పత్తి గింజ మొలవలేదు. రైతులు మీదికొస్తే, నలుగుర్లో తప్పంతా వాడి మీదకి తోశాను. వాడు ఊరుకుంటాడా? చచ్చేదాకా మాట్లాడుకోబోమని ఇద్దరం అమ్మ పటం ముందు ఒట్టేశాం. తొమ్మిదేళ్లయింది.”

“మరి ఇదేంటి?”

“ఒట్టు నోటికి. వేళ్లకి కాదుగా.”

అనీసాకి నవ్వొచ్చింది. అతని మొహం చూసి మింగేసింది.

“పోనీ ఆయన నంబరివ్వండి, వాట్సాప్‌లో పెడతాను.”

“కోపంలో నంబర్లు తీసేశాం. దీన్ని తీసే సంగతే ఇద్దరం మర్చిపోయాం.”

“నంబరు ఇందులోనే అడగండి.”

“అడిగితే నేను తగ్గినట్టు కాదూ?”

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఇక్కడ ఇద్దరు మొండివాళ్లున్నారు, రాజ్యమేమో లేదు.

“మొన్న తుఫానుకి వారం పాటు ఊళ్లో నెట్ లేదు. అయినా ఇది ఆగలేదమ్మా. అంత గట్టిదాన్ని తీసేస్తానంటావు.”

“నెట్ లేకుండానా?” అనీసా బల్ల కిందకి వంగి చూసింది. లేచి, గోడలోకి పోయిన వైరు వంక చూసింది. “ఆయనుండేది ఎక్కడ?”

“చాలా దూరం.”

“ఒకసారి వెళ్లి రండి బాబాయ్ గారూ.”

“దారి మూసేశారు.”

“ఎవరు?”

“ఇద్దరం కలిసే.”

గడియారం ఒంటిగంట చూపించింది. ‘ఇది తీసేస్తున్నారు’ అని కొట్టాడు చలమయ్య. వెంటనే ఒక్కో అక్షరం చెరిపేసి ‘తిన్నావా?’ అని పంపాడు. ‘తిన్నా. నువ్వు?’ అని వచ్చింది. ‘తిన్నా’ అని రాసి, కుర్చీలోంచి లేచి ఆమెకి చోటిచ్చాడు. పొయ్యి మీద అన్నం ఇంకా దించనేలేదు.

తీసేయడానికి నిమిషం కూడా పట్టలేదు.

“వేళ్లు ఎన్నాళ్లని సాయం చేస్తాయి బాబాయ్ గారూ?” అంటూ అనీసా సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడు కంప్యూటరు చిటికెలో తెరుచుకుంది. తెరిచి చేసే పనే లేదు. చలమయ్య కంచంలో అన్నం పెట్టుకుని దాని ముందే కూర్చున్నాడు. ఒంటిగంట దాటింది. ముద్ద దిగలేదు. ఈపాటికి వాడూ తెర వంక చూస్తూ ఉంటాడు. రాయడం మానేసింది అన్నయ్యే అనుకుంటాడు. ఆనాడు నలుగుర్లో వదిలేసినట్టే ఇప్పుడూ వదిలేశాడనుకుంటాడు. ఒంటరితనం తొమ్మిదేళ్లుగా అలవాటే గానీ, ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

రెండయింది. అన్నం చల్లారిపోయింది. అమ్మ పటం వైపు చూసి చేతులు జోడించాడు.

లేచి, ఇంటి మధ్యగోడ తట్టి, “తమ్ముడూ” అని పిలిచాడు.