ఓదెలుకు చూపిన కార్డు

ఊళ్లలో జరిగే చిన్న లీగు ఫుట్‌బాల్ మ్యాచులకు కూడా యంత్రాలే తీర్పు చెప్పే రోజులు వచ్చాయి. లైను పక్కన జెండాలు పట్టేవాళ్లు ఎప్పుడో పోయారు. గోదావరిఖని మైదానంలో ఆ రోజు రెఫరీగా మిగిలిన మనిషి సుగుణ ఒక్కతే. చెవిలోని యంత్రం చెప్పినప్పుడు విజిల్ ఊదడం, చెప్పిన కార్డు చూపడం, అంతే ఆమె పని.

రెండో సగంలో, ఎవరూ తగలకుండానే ఓదెలు అనే ఆటగాడు కుప్పకూలాడు.

"నటన. ఎల్లో కార్డు," అంది యంత్రం.

ఓదెలు ఛాతీ పట్టుకుని ఆమె వైపు చూశాడు. "అక్కా, ఊపిరాడ్తలేదు."

అతని పెదాలు నల్లబడటం సుగుణ కళ్లారా చూసింది. కానీ యంత్రం పొరబడగా ఆమె ఎన్నడూ ఎరగదు. కార్డు ఎత్తింది. అతను మళ్లీ లేవలేదు.

విచారణలో యంత్రాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కార్డు ఎత్తింది మనిషి చెయ్యే కదా అన్నారు.

దినాల నాడు సుగుణ ఆ ఇంటికి వెళ్లింది. ఓదెలు తల్లి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆఖరికి మావోడు నీతోని ఏమన్నా అన్నడా బిడ్డా?"

"ఊపిరాడ్తలేదన్నడమ్మా."

"మరి నువ్వేం జేసినవ్?"

"కార్డు చూపిన."

"కార్డంటే ఏంది బిడ్డా?" అని అమాయకంగా అడిగింది తల్లి. "మందా?"