ఆరో గడి

"ఆరో గడిలో ఒక్క మాటే రాశారేంటండీ?"

గుమస్తా ఫారాన్ని కౌంటరు అద్దం కింద నుంచి వెనక్కి తోసింది.

అవతల నిలబడ్డాయన సైనిక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే సివిల్ మాస్టారు. యూనిఫాం లేదు, హోదా లేదు. ఇరవై మూడేళ్ల కిందట ఏ గ్రేడులో చేరారో ఇప్పటికీ అదే. సీనియర్, చీఫ్ అని పైన రెండు మెట్లు కల్పించమని దరఖాస్తు పెట్టుకున్నారు.

చేసే పని వివరంగా రాయమన్న గడిలో 'బోధన' అని రాసి ఊరుకున్నారు.

"ఏం బోధిస్తారో రాయాలి కదా?"

"రాయకూడదమ్మా. పాఠం గది గడప దాటకూడదని మాకు ఉత్తర్వు."

"రాయకపోతే టైపు నేర్పేవాళ్ళతో కలిపేస్తారు. వాళ్ళకి ఒకటే గ్రేడు."

మాస్టారు నవ్వబోయి మానేశారు.

"నాకెలాగో గడిచిపోయింది. నా తర్వాత చేరిన ఇద్దరూ ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోయారమ్మా. ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగంలో ఎవరుంటారు చెప్పండి?"

ఆమెకు జాలేసింది. జాలికి మాత్రం ఏ ఫారంలోనూ గడి లేదు. ఉన్నదున్నట్టు నోటు రాసి పైకి పంపింది.

ఫైలు వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది.

'టైపు శిక్షకులతో సమానం. అయిదేళ్ళ దాకా మళ్ళీ పరిశీలించరాదు.'

నెల తిరిగేసరికి మాస్టారి రాజీనామా ఆమోదం పొంది ఆమె బల్లమీదికే వచ్చింది. వెనకాలే ఆయనా వచ్చారు.

"ఎక్కడ చేరుతున్నారు?"

"రాళ్ళ క్వారీలో. అడుగు పెట్టకముందే చీఫ్ అంటున్నారు."

"పోనీలెండి, మంచిదే అయింది," అంది. మనస్ఫూర్తిగానే అంది.

"ఈ బ్యాచ్ అయ్యేదాకా, రెండు నెలలు ఉండనివ్వరా అమ్మా? జీతం లేకపోయినా పర్లేదు."

"ఆమోదం అయ్యాక ఒక్క రోజు కూడా కుదరదండీ."

మాస్టారు సంతకం పెట్టారు. పెన్ను మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం ఆమె తమ్ముడు ఇంటికొచ్చాడు. సైన్యంలో చేరి ఆర్నెల్లయింది. కంచం ముందు కూర్చున్నాడు గానీ తినకుండా మెతుకులు కెలుకుతున్నాడు.

"ఎల్లుండి సరిహద్దుకు పంపేస్తున్నారక్కా."

"ట్రైనింగ్ ఇంకా రెండు నెలలుందన్నావుగా?"

"మాస్టారు మానేశారు. మిగతాది పుస్తకం చూసి నేర్చుకోమన్నారు."

ఆమె చేతిలో గరిట ఆగిపోయింది.

"ఇంకో మాస్టారు వస్తారులే."

"ఎవరొస్తారు? ఆ ఉద్యోగానికి ఒక్కరూ దరఖాస్తు పెట్టలేదట."

"రేపు మా సార్‌ని అడుగుతాను," అంది. అడిగితే ఏమంటారో ఆమెకు తెలుసు. ఆ నోటు తన దస్తూరీలోనే ఉంది.

"ఒక్క మాస్టారు లేకపోతే కొంపలేం మునగవురా!" అంది మళ్ళీ, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "ఇంతకీ ఏం నేర్పేవారాయన?"

తమ్ముడు తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

"చెప్పకూడదు గానీ... పాతిపెట్టిన మందుపాతర మూత తీయడం వరకూ నేర్పారక్కా, తర్వాత ఏ తీగ ముట్టుకోకూడదో వచ్చే వారం చెప్తానన్నారు."