రోగి వేషం

"చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, హెరాల్డ్ గారూ?" లాప్‌టాప్ కెమెరా ముందు కూర్చుని డార్లా అడిగింది.

మానసిక రోగులకు వైద్యం చేసే నర్సు కావాలని ఆమె ఆన్‌లైన్‌లో చదువుతోంది. రోగిని ప్రశ్నిస్తున్న వీడియో ఒకటి ఇవాళే పంపాలి. అమెరికాలో వయోమింగ్‌లోని ఆ పశువులు పెంచే ఊళ్లో హెరాల్డ్ అనే రోగి వేషానికి తమ్ముడు వేడ్ తప్ప ఎవరూ దొరకలేదు.

"అనిపించింది," అన్నాడు వేడ్.

"ఎలాగో కూడా ఆలోచించారా?"

"నాన్న తుపాకీ కొట్టంలో ఉంది. దాణా బస్తాల వెనక."

డార్లాకు నవ్వొచ్చింది. "మాత్రలని చెప్పాలిరా మొద్దూ. నేను రాసిచ్చింది అదే కదా. మళ్లీ మొదటి నుంచి తీయాలి."

"మళ్లీ వద్దక్కా. రెండోసారి చెప్పలేను."

నాన్న తుపాకీని ఎవరో ఎత్తుకెళ్లారని వారం నుంచి ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. డార్లా నవ్వు ఆగిపోయింది.

"నాకెందుకు చెప్పలేదురా?"

"నన్ను నువ్వు అడగలేదు. హెరాల్డ్‌ని అడిగావు, చెప్పాడు."

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఆమెకు కంఠతా వచ్చు. అది అడగకుండా రెండు చేతులతో తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

సాయానికి ఎవరినైనా పిలవాలంటే ఫోను కావాలి, అది వంటగదిలో ఉంది. తెచ్చుకోవాలంటే ఈ చెయ్యి వదలాలి.