రాజుగారి పక్క కుర్చీ

నరసరావుపేట నాటక సమాజం వార్షికోత్సవంలో, రాజు వేషం కట్టే చెన్నకేశవులుకు దంపతుల సన్మానమన్నారు. ఆయన భార్య సుబ్బాయమ్మ పట్టుచీర కట్టుకొని వేదికెక్కేసరికి, పక్క కుర్చీలో దానియేలు కూర్చొని ఉన్నాడు. ఏళ్ల తరబడి రాణి వేషం అతనిదే. ఇవాళ వేషం లేకపోయినా, అలవాటుకొద్దీ పంచెతోనే వచ్చి కూర్చున్నాడు.

"ఈమెవరు? రాణి కూర్చునే ఉందిగా!" అని జనం కేకలేశారు.

దానియేలు నాలుక కరుచుకొని లేవబోయాడు. "నువ్వు కూర్చో వదినా."

"ఉండు దానియేలూ," అని సుబ్బాయమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఇంట్లో ఎప్పుడూ ఏమే, ఒసేయే గదా. ఇయ్యాల ఒక్కసారి నన్ను దేవీ అను. అప్పుడు కూర్చుంటా."

చెన్నకేశవులు గొంతు సవరించుకున్నాడు. "దే... దే..." అని నసిగాడు. హార్మోనియం ఆయన జాలిపడి శ్రుతి ఇచ్చాడు. అంతే, చెన్నకేశవులు ఛాతీ విరిచి, చెయ్యి చాచి, "దేవీ!" అని రాగం తీశాడు, దానియేలు కళ్లలోకి చూస్తూ.

"వన్స్ మోర్!" అన్నారు జనం.

మళ్లీ తీశాడు. మళ్లీ అటే చూశాడు. ఈసారి కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

ఈ మనిషికి ప్రేమగా పిలవడం చేతకాదనుకుంది సుబ్బాయమ్మ ఇన్నాళ్లూ. బ్రహ్మాండంగా చేతనవును.

బట్టకు రేషనున్న ఆ కంట్రోలు రోజుల్లో సమాజం వాళ్లు ఎలాగో సంపాదించి తనకిచ్చిన సన్మానపు చీరను ఆమె దానియేలు ఒళ్లో పెట్టింది.

"నువ్వే కూర్చో నాయనా. రేపట్నుంచి జొన్నన్నం కూడా నువ్వే వండి పెట్టు."