గంగవ్వ గదిలో నల్లా

రాయకుండా వదిలేద్దామనుకున్నాను, నల్లాల గురించి ఎవరు చదువుతారు?

మా కామాటిపురా చాల్‌లో మున్సిపాలిటీవాళ్లు గదిగదికీ నల్లా పెట్టి, కింద ఉన్న ఉమ్మడి నల్లా పీకేశారు. పొద్దున్నే బిందెల వరస, తిట్లు, అక్కడే కుదిరే సగం పెళ్లిసంబంధాలు దానితోనే పోయాయి. ఒంటరివాణ్ని, నన్ను తిట్టేవాళ్లే కరువయ్యారు.

పక్కగది గంగవ్వ మాత్రం రోజూ బిందెతో వచ్చేది.

"మా నల్లాకు పానీ వస్తలేదు లస్మన్నా. నీ నల్లా గూడ నీ లెక్కనే, ముక్కుకుంట మూల్గుకుంట పోస్తది."

పాపమని ఫిర్యాదు చేశాను. మేస్త్రీ వచ్చి ఆమె నల్లా తిప్పగానే నీళ్లు ఉరికాయి. గంగవ్వ మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఇవాళ నా నిండు బిందె మోరీలో ఒంపేసి, ఆమె తలుపు కొట్టాను.

"మా నల్లా ఖరాబైంది గంగవ్వా."

"మున్సిపాల్టీ పని గట్లనే ఉంటది" అని ఆమె నా చేతిలో బిందె అందుకుంది.