ఆరు చిప్పులు

తీగలమ్మ సంచి సర్దుకుంటోంది.

కళ్ళజోడు, పట్టకారు, మెడనొప్పి తైలం, టిఫిను డబ్బా. పదకొండేళ్ళ కొలువు ఒక్క గుడ్డసంచిలో పట్టేసింది.

వెంట్రుకకన్నా సన్నని బంగారు తీగలతో చిప్‌ను దాని అడుగునుండే లోహపు కాళ్ళకు కలపడం ఆవిడ పని. అందుకే ల్యాబులో అందరికీ తీగలమ్మ అయింది.

గుమ్మంలో ఎం.టెక్. అమ్మాయి నిలబడి ఉంది. ఫిర్యాదు రాసింది తనే.

రెండేళ్ళు తల బద్దలు కొట్టుకుని చేసిన డిజైను. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి ఆరంటే ఆరే చిప్పులు. అవి పనిచేస్తేనే డిగ్రీ.

వాటిలో రెండింటికి తీగలమ్మ ఎడమ తీగలు కుడికీ, కుడి తీగలు ఎడమకీ కట్టేసింది.

"నేను గీసిచ్చిన బొమ్మ ప్రకారం కట్టమంటే మీ సొంత తెలివేమిటండీ?"

"అడుగుదామని రెండుసార్లు కబురు పెట్టాను. నువ్వు రాలేదు."

"బొమ్మ ఇచ్చాక అడగడానికేముంది?"

"ఆ కాయితం తిరగేసి చూడు తల్లీ."

అమ్మాయి తిరగేసింది. వెనక తెల్లగా ఉంది.

"ఏముందిక్కడ? వేళాకోళమా?"

తీగలమ్మ చెప్పబోయింది. ల్యాబు ఇన్‌చార్జి అడ్డొచ్చాడు.

"వాదనలొద్దమ్మా. బొమ్మ తప్పి కట్టారా, లేదా?"

"కట్టాను."

"అంతే. చాలు."

కాంట్రాక్టు కొలువు. తుమ్మితే ఊడే ముక్కు.

సంచి భుజాన వేసుకుని ఆవిడ వెనక్కి తిరిగింది.

"మిగతా నాలుగూ తొందరపడి కట్టించకమ్మా."

అమ్మాయి మొహం తిప్పుకుంది.

మూడో రోజుకి ఆవిడ చోట కొత్తతను వచ్చి, మిగతావి కట్టిచ్చాడు.

"అచ్చు గుద్దినట్టు మీ బొమ్మే, మేడమ్!"

కరెంటు ఇవ్వగానే మొదటి చిప్ మాడింది.

"చిప్పుల చదువు చదివితే చివరికి చేతికి చిప్పే!" అన్నాడు పక్క బల్ల కుర్రాడు. ఎవరూ నవ్వలేదు.

రెండోదీ మాడింది. మూడోది కూడా మాడాక ఆమె ప్రొఫెసర్ గదికి పరిగెత్తింది.

"ఆ పక్కన పడేసిన రెండూ పెట్టి చూశావా?" అన్నాడాయన.

"అవి తప్పుగా కట్టినవి కదండీ!"

"పెట్టు. పోయేదేముంది?"

ఆయన్ని వెంటబెట్టుకుని ల్యాబుకొచ్చి పెట్టింది. తెరమీద ఆకుపచ్చ గీత లేచి, తొణక్కుండా నిలబడింది. రెండో చిప్‌తోనూ అంతే.

ప్రొఫెసర్ బొమ్మ కాయితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించాడు. వెలుగులో గీతలన్నీ ఇవతలికి కనిపించాయి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి.

"ఎటునుంచి చూసి గీశావు?"

"కాళ్ళ... కాళ్ళ వైపు నుంచి."

"తీగలు కట్టేవాళ్ళు పైనుంచి చూస్తారమ్మా."

ఆమె కాయితం అందుకుని తనూ అద్దానికి ఆనించి చూసింది.

"నువ్విచ్చింది ఇచ్చినట్టే కట్టేసి ఉంటే ఆవిడ కొలువుకి ఢోకా లేదు," అన్నాడాయన. "మాడేవి నీ రెండేళ్ళు."

ఆ సాయంత్రమే అమ్మాయి తీగలమ్మ ఉండే అద్దె గదికి వెళ్ళింది. తాళం. చెల్లెలి ఊరికి బండెక్కిందన్నారు పక్కవాళ్ళు. ఏ ఊరో వాళ్ళకీ తెలియదు.

డిగ్రీ వచ్చింది. ఇన్‌చార్జి కూడా దిగొచ్చి, ఆవిడ వస్తే మళ్ళీ తీసుకుంటానన్నాడు.

ఆ బొమ్మను సరిగ్గా చదివిన ఒకే ఒక్క మనిషి, జూన్ పన్నెండు బుధవారం మధ్యాహ్నం గుమ్మం దాటి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.