కడిగిన సీసా

"పరీక్షకి ఎవరో రావడం ఎందుకు వదినా? నేనే వస్తాలే," అన్నాడు మరిది.

ఆ మాటతో హోటలామె గుండె కుదుటపడింది. వంటింటి మురుగునీటిలో నూనె, జిడ్డు పరిమితి దాటితే హోటల్‌కి తాళం వేస్తారు. భర్త పోయాక ఆమెకు ఆ హోటలే ఆధారం.

మరిది నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగి. ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడు. గాజు సీసాని వంటింటి మురుగుకాలువ నీళ్లతో నింపాడు, గలగలా ఆడించి పారబోశాడు. మళ్లీ నింపాడు, మళ్లీ పారబోశాడు. అలా కడిగి కడిగి, చివరికి నింపి మూత పెట్టాడు.

"ఇంట్లో తాగిన గ్లాసు కూడా తీసేవాడివి కాదు కదరా," అని నవ్విందామె.

"నీ హోటల్ సంగతి కదా వదినా." వెళ్తూ వెళ్తూ వంటగదంతా ఓసారి కలయజూశాడు. "ఒక్కదానివే ఎన్నాళ్లని చేస్తావు? కష్టమైతే చెప్పు, మా ఆవిడ చూసుకుంటుంది."

ఎంత అభిమానమో అనుకుంది.

వారం తిరక్కుండానే హోటల్‌కి తాళం పడింది. జిడ్డు పరిమితికి మించి ఉందట.

ఆమె కోపమంతా అంట్లు తోమే మనిషి మీదికి మళ్లింది. నీళ్లు కాలువలోకి పోయేముందు జిడ్డు ఆగే తొట్టి ఒకటుంది. దాన్ని రోజూ శుభ్రం చేయడం ఆ మనిషి పని.

"చేశానమ్మా, నా పిల్లల మీద ఒట్టు."

"నమ్మించి గొంతు కోశావు. మళ్లీ నా గడప తొక్కకు," అని పంపేసింది. ఆ రాత్రంతా, ఇన్నేళ్లు పక్కన పెట్టుకున్న మనిషే ఇలా చేసిందే అని కుమిలిపోయింది.

మరిది ఫోన్ ఎత్తడం లేదు. తనే ల్యాబుకి వెళ్లింది. అతను సెలవులో ఉన్నాడట. పరీక్ష చేసిన అమ్మాయి కూర్చోబెట్టి అడిగింది.

"సీసా ఎలా నింపారండీ?"

"మా మరిది ఎంతో శ్రద్ధగా నింపాడమ్మా. ఆ నీళ్లతోనే పదేపదే కడిగి మరీ."

అమ్మాయి రాస్తున్నది ఆపేసింది. "అలా కడగకూడదు. కడిగినప్పుడల్లా నూనె గాజుకి అంటుకుంటుంది. ఆ అంటుకున్నదాన్ని కూడా మేం కరిగించి తూకం వేస్తాం. పారబోసిన నీళ్ల జిడ్డు కూడా లెక్కకి వస్తుంది."

హోటలామె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే అంట్ల మనిషి అన్నది నిజమే. ఇటునుంచి ఇటే వెళ్లి ఆమె చేతులు పట్టుకోవాలి.

"మావాడు తెలియక చేశాడమ్మా. పైవాళ్లకి చెప్పకు, వాడి ఉద్యోగానికి ఎసరొస్తుంది."

అమ్మాయి తల దించుకుంది.

"సీసాని ఆ నీళ్లతో కడగొద్దని, నేనిక్కడ చేరిన మొదటి రోజే నాకు నేర్పింది ఆయనేనండీ."